బస్టాండు బాత్రూముల తగువు

జూలై 3, బుధవారం

మనవరాలు ఫోన్లో మైకు బొమ్మ నొక్కి ఇచ్చింది. మాట్లాడితే అదే రాసుకుంటుందట. నాకు అక్షరం ముక్క రాదు. రేపు ఎవరైనా నా మీద ఒకటికి రెండు కల్పిస్తే, నా మాట నా దగ్గర ఉండాలి. అందుకే చెబుతున్నా. ఎవరికీ చూపించను.

కాలేజీ ఎదురుగా ఉన్న బస్టాండులో ఆడవాళ్ళ బాత్రూములు నేనే చూసుకుంటాను. కడుగుతాను, నీళ్ళు పడతాను, గడియ సరిగ్గా పడనిచోట చెక్కముక్క దూరుస్తాను. ఇవాళ గోడకి కాగితం అంటించి పోయారు. మనవరాలు చదివి చెప్పింది. వీటిని పడగొట్టి పార్కింగ్ చేస్తారట. అభ్యంతరం ఉన్నవాళ్ళు పదిహేనో తారీఖున మున్సిపల్ హాలుకొచ్చి నోటితో చెప్పుకోవాలట. రాకపోతే ఒప్పుకున్నట్టేనట.

బండికి చోటు కావాలి సరే. ఆడపిల్ల ఎక్కడికి పోవాలి?

జూలై 5

మనవరాలు కాలేజీలో రెండో సంవత్సరం. నలుగురు పిల్లలు కలిసి ఏదో పేజీ నడుపుతారు. ఓటు నమోదు చేయించుకోండి, ఊరి మీటింగులకి రండి, నిలదీసి అడగండి అని తోటి స్టూడెంట్లకి చెబుతుంటారు. చూసేవాళ్ళు గుప్పెడు.

నన్ను వీడియో తీస్తానంది. మొహం కడుక్కుని వస్తానంటే, వద్దమ్మమ్మా, చీపురుతోనే నుంచో అంది. నుంచున్నా. కడుపులో ఉన్నదంతా కక్కేశా. కౌన్సిలరు గారింట్లో ఆడవాళ్ళు పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా బిగబట్టుకుని కూర్చుంటారేమో కనుక్కోండి అన్నా.

జూలై 8, ఉదయం

వీడియో పిచ్చిపిచ్చిగా తిరుగుతోందట. అందులో నేను చీపురు ఎత్తినచోట డ్రమ్ము మోత కలిపారు. కాలేజీ పిల్లలు నన్ను చూసి బిగబట్టు బామ్మ అని పిలుస్తున్నారు. పిలిస్తే పిలిచారు, హాలుకి రండే అన్నా. తప్పకుండా బామ్మా అని సెల్ఫీ దిగి పోయారు.

జూలై 8, సాయంత్రం

కౌన్సిలరు కూడా ఆ వీడియోని తన పేజీలో పెట్టుకున్నాడట, దండం బొమ్మతో. ఈ తల్లి మన ఊరికి గర్వకారణం అని రాశాడట. పార్కింగ్ ఊసు లేదు. ఇదెక్కడి చోద్యం! నేను తిట్టిన తిట్టుని దిష్టిచుక్కలా పెట్టుకుని తిరుగుతున్నాడు.

జూలై 11

నిద్ర లేదు. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నా.

హాలుకి ఎంతమంది వస్తారే అని మనవరాల్ని అడిగా. వేలమంది ఫోన్లో వస్తామని నొక్కారంది. నొక్కితే వచ్చినట్టేనా అన్నా. గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది. పోయిన నెల డ్రైనేజీ మీటింగుకీ ఇలాగే నొక్కారట. వచ్చింది ఈ నలుగురూ, ఓ కుక్కా. కుక్క మాత్రం చివరిదాకా ఉందట.

నవ్వొచ్చింది. మనవరాలి కళ్ళకింద నలుపు చూసి నవ్వు ఆగిపోయింది.

జూలై 12

ఇంకో వీడియో తియ్యమన్నా. డ్రమ్ము వాయిస్తే చీపురు తిరగేస్తా అన్నా. అందులో నేను చెప్పింది ఇంతే. సోమవారం బాత్రూములకి తాళం. తాళంచెవి నా కొంగున ఉంటుంది. నేను మున్సిపల్ హాల్లో ఉంటా. అవసరమైనవాళ్ళు అక్కడికి రండి.

నీ ఉద్యోగం పోతుందమ్మమ్మా అని ముక్కు చీదింది. గోడలు పోయాక ఉద్యోగం ఉంటుందా, నా మొహం అన్నా.

జూలై 15, సోమవారం, మధ్యాహ్నం

వచ్చారు! మెట్లమీద, వరండాలో, హాలు నిండా ఆడపిల్లలే. కొందరు నవ్వుకుంటూ, కొందరు నన్ను తిట్టుకుంటూ. తాళంచెవి ఇవ్వు బామ్మా అన్నారు. ముందు ఆ మైకు దగ్గర నీ మాట చెప్పు, తర్వాత చూద్దాం అన్నా.

మొదటి పిల్ల మైకు ముందుకొచ్చింది. పొద్దున కాలేజీకొచ్చేముందు నీళ్ళు తాగడం మానేశానంది. ఇంకో పిల్ల నెలసరి రోజుల్లో క్లాసులు ఎగ్గొడుతున్నానంది. ఆఫీసరు ఫైల్లో తల దూర్చాడు. ఆ తర్వాత వాళ్ళని ఆపడం ఎవరి తరం? కౌన్సిలరు ఫొటోకని నా పక్కకి చేరబోతే, బాబూ, లైన్లో రా అన్నా. ఘొల్లున నవ్వారు.

పడగొట్టడం ఆపేస్తున్నామని ఆఫీసరు మైకులోనే చెప్పాడు.

అదే రోజు, సాయంత్రం

తాళం తీద్దామని ఆయాసపడుతూ వెళ్ళా. తలుపు ముందు కండక్టరమ్మ. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య రోజూ వచ్చేదే. ఏడో నెల. డ్యూటీలో ఫోను చూడదు. వీడియో సంగతి ఆమెకేం తెలుసు? తలుపు లాగి లాగి, ఆఖరికి గోడ వెనక చెత్తలో కూర్చుందట. ఎవడో ఈల వేశాడట. నా మొహంలోకి చూసి, నువ్వు కూడానా పెద్దమ్మా అంది. అంతే అంది.

ఫోన్లో చెబితే ఊరంతటికీ చెప్పినట్టే అనుకున్నా. చదువురానిదాన్ని, నాకే తట్టలేదు. బస్టాండులో నిలబడి ఓ కేక వేసినా సరిపోయేది. ఊళ్ళో అందరి మీదా లేచే ఈ నోరు ఇవాళ పొద్దున ఎందుకు లేవలేదు?

జూలై 18

కండక్టరమ్మ ఫిర్యాదు ఇచ్చింది. మంచిపని చేసింది. నన్ను తీసేశారు.

మనవరాలు వీడియో పెడతానని ఎగిరింది. ఫోను లాక్కున్నా. ఆమె చెప్పింది నిజమేనే, ఆమె మీదకి జనాన్ని తోలతావా అన్నా. అలిగి అన్నం తినలేదు. నేనూ తినలేదు. తాళం వేసింది తప్పే. వెయ్యకపోతే ఇవాళ అక్కడ గోడ ఉండేది కాదు.

జూలై 22

చేతులు ఊరుకోవట్లేదు. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగా.

జూలై 29

ఇవాళ బస్టాండు బాత్రూములకి వెళ్ళా. నా చోట కొత్తగా చేరిన అమ్మాయికి నేనెవరో తెలియదు, లైన్లో నుంచో బామ్మా అంది. నుంచున్నా. నా ముందు కండక్టరమ్మ. తిరిగి చూసింది. తన వంతు రాగానే టికెట్ల సంచీ భుజం మీంచి తీసి, నా చేతిలో పెట్టి లోపలికెళ్ళింది.