ఆవిడకి ఫోన్ చేయని నలభై ఐదు రోజులు

2వ తేదీ, సోమవారం. ఉదయం 7.00
విత్తనాల మీద పరిశోధన. నలభై ఐదు రోజులు ఈ ఊళ్లోనే. గది బాగుంది. బల్ల, కిటికీ, స్టవ్, వేస్తే ఓ పట్టాన తెరుచుకోని బాత్రూం తలుపు.
తీర్మానం: తిరిగి వెళ్లేదాకా ఇంటి పనుల గురించి మా ఆవిడకి ఒక్క ఫోన్ కూడా చేయను!
కారణం: పాప పుట్టినప్పుడు అటకెక్కిన ఆవిడ థీసిస్ వచ్చే నెల పదిహేనులోగా ఇచ్చేయాలి. లేకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. “పదమూడేళ్లుగా నేను పెన్ను తీసినప్పుడల్లా మీరు ‘నా తువ్వాలు ఎక్కడ?’ అని కేకేశారు” అంది స్టేషన్లో. నవ్వుతూనే అంది. రైలెక్కాక నాకు మాత్రం నవ్వు రాలేదు.
నా వంతు సాయంగా, బయల్దేరే ముందు ఆవిడ నోట్సంతా పదకొండు పెట్టెల్లో సర్ది వచ్చాను. సర్‌ప్రైజ్!

సాయంత్రం 6.30
అన్నం వండాను. ఎవరినీ అడక్కుండా! గంజిలా వచ్చింది. గంజి ఒంటికి మంచిది.

3వ తేదీ, మంగళవారం
వంటింటిని శాస్త్రీయంగా సర్దాను. మా ల్యాబ్‌లో విత్తనాల డబ్బాల మీద పేర్లుండవు, అంకెలే. ఏ రకమో తెలిస్తే మొలకలు లెక్కపెట్టేవాడు పక్షపాతం చూపిస్తాడు. అలవాటు కొద్దీ ఉప్పు, పంచదార డబ్బాలకీ అంకెలే వేశాను. ఏ అంకె ఏమిటో రాసిన కాగితాన్ని పద్ధతి ప్రకారం ల్యాబ్ బీరువాలో పెట్టి తాళం వేశాను.

5వ తేదీ, గురువారం
ల్యాబ్: రెండొందల విత్తనాలకి నూట ఎనభై మూడు మొలకలు. భేష్.
గది: టీలో 4 వేశాను. 4 ఉప్పు.
“వేలితో తీసి నాలిక మీద వేసుకుంటే తెలిసేది కదండీ” అంది ల్యాబ్ ఇన్‌చార్జి మేడమ్. నమూనాలు నోట్లో పెట్టుకోకూడదు. ఇరవై ఏళ్ల క్రమశిక్షణ.

7వ తేదీ, శనివారం
ల్యాబ్‌కి సెలవు. అంకెల కాగితం అక్కడి బీరువాలో. బంగాళాదుంపల్లో 7 వేశాను. కూర నురగలు కక్కింది. 7 సబ్బుపొడి.
అక్కకి ఫోన్ చేశాను. అక్క మా ఆవిడ కాదు కాబట్టి తీర్మానం చెక్కుచెదరలేదు. అక్కకి వంట రాదు, వాళ్లింట్లో బావే వండుతాడు. అయినా అక్క అక్కే.
“ఆగరా, కనుక్కుని చెప్తా” అంది. అరగంటలో చెప్పింది: పారేసి ఇంకోసారి వండుకోమని.

10వ తేదీ, మంగళవారం
తెల్ల చొక్కా నీలమైంది. దీనికి అక్క చాలదని అత్తగారికి చేశాను. “ఒక్క నిమిషం బాబూ, మళ్లీ చేస్తా” అన్నారు. ఇరవై నిమిషాలకి చేశారు. పెద్దవాళ్లు, ఆలోచించి గానీ చెప్పరు.

12వ తేదీ, గురువారం
7.15 అక్క (మాడిన పాలగిన్నె).
7.40 అత్తగారు (అదే గిన్నె, రెండో అభిప్రాయం).
8.05 అక్క (ఊడిన బొత్తాం).
సాయంత్రం 6.00 అత్తగారు (6 కందిపప్పా, శనగపప్పా?).
మా ఆవిడకి: సున్నా! ఇంత నిగ్రహం నాలో ఉందని నాకే తెలీదు.

13వ తేదీ, శుక్రవారం. సాయంత్రం 6.10
బాత్రూంలో ఇరుక్కుపోయాను. ఫోన్ చేతిలోనే ఉంది.
6.12. అక్క: “ఆగరా, కనుక్కుని చెప్తా.”
6.14. అత్తగారు: “అయ్యో! ఒక్క నిమిషం బాబూ.”
6.20. ఇద్దరి ఫోన్లూ ఎంగేజ్.
6.26. ఫోన్ మోగింది. మా ఆవిడ.
“గడియ పైకెత్తి, తలుపు మీ వైపు లాగండి.”
తెరుచుకుంది.
“నీకెలా తెలుసు?”
“ఇంకెవరికి తెలుస్తుందండీ? వాళ్లిద్దరూ అడిగేది నన్నేగా. వదిన మీ ప్రశ్న ఒకటడిగి, అరగంట తన కబుర్లు చెప్తుంది. అమ్మేమో అల్లుడుగారు తిన్నారో లేదోనని బెంగ. మీరు ఇంట్లో ఉంటేనే నయం, ఒక్క కేకతో పోయేది.”
గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఎన్ని పేజీలయ్యాయని అడిగాను.
“నాలుగు. మీరు సర్దిన పెట్టెల మీద అన్నీ అంకెలే. ఒక్క కాగితం కావాలంటే పదకొండూ తెరవాల్సొస్తోంది. ఏ పెట్టెలో ఏముందో ఎక్కడన్నా రాశారా?”
రాశాను. పద్ధతి ప్రకారం, ఆ కాగితం నా సూట్‌కేసులో ఉంది.
“మొదటి రోజే అడగొచ్చు కదా!”
“మీరేదో పట్టుదల మీదున్నారు. చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నా.”
సిగ్గేసింది. ఇంతకంటే రాయడానికేం లేదు.

14వ తేదీ, శనివారం
సూట్‌కేసులోని కాగితం ఫొటో తీసి పంపాను. అయినా ఫోన్లో మొత్తం చదివి వినిపించాను. ఆవిడ ఒక్కో పెట్టె మీదా పేరు రాసుకుంది. ఇక్కడ నేనూ డబ్బాల మీద పేర్లు రాశాను. ల్యాబ్‌కి సెలవు కాబట్టి 9 ఏమిటో ఇంకా తెలీదు.

16వ తేదీ, సోమవారం. ఉదయం 7.00
తీర్మానం: మిగిలిన ముప్పై ఒక్క రోజులూ ఇంటి పనుల గురించి ఆవిడకి ఫోన్ చేయను. అక్కకి చేయను. అత్తగారికీ చేయను. ఈరోజే మొదటి రోజు!

7.20
ఆవిడే చేసింది. నిన్న ఒక్కరోజే తొమ్మిది పేజీలట. ఒక పేజీ చదివి వినిపించింది. చాలా బాగుందన్నాను. “తడి ఒంటితో నిలబడ్డట్టు గొంతు అలా వణుకుతోందేంటి, ఏమైనా కావాలా?” అంది.
ఏమీ వద్దన్నాను.
తువ్వాలు ఇంకా దొరకలేదు.