మీటింగ్ వద్దన్న చాప

పదో నెల 1, మొదటి రోజు

విన్నీ బ్రన్‌స్కిల్ పోయి ఐదు వారాలైంది. ఈరోజు ఆరాధన అయ్యాక ఆమె జ్ఞాపక పత్రం రాసే పని నా నెత్తిన పెట్టారు. మీటింగ్ తీర్మానాలు రాసే క్లర్క్‌ని నేనే కదా. మౌనంగా కూర్చుని ఆరాధించే క్వేకర్ల సంఘం మాది, దాన్నే మీటింగ్ అంటాం; ఈ లోయలో పదకొండు మందిమి మిగిలాం. అందులో కామా ఎక్కడ పెట్టాలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నెలల పేర్లూ వారాల పేర్లూ అన్యదేవతలవని మా పెద్దలు అంకెలు వాడారు, ఆదివారం మాకు మొదటి రోజు. వీళ్ళు నిక్షేపంగా అక్టోబర్ అని రాస్తున్నారు.

విన్నీ ఆర్టిస్టట. పాత కోట్లూ లాగులూ పీలికలుగా చింపి, గోనెగుడ్డలో గుచ్చి చాపలు చేసేది. వారానికోసారి ఊళ్ళో ఆడవాళ్ళందర్నీ పోగేసి, టీలు తాగుతూ, అదే పని. దాన్ని కమ్యూనిటీ ఆర్ట్ అనాలట. మా అమ్మ అవే చాపలు కాళ్ళు తుడుచుకోడానికి చేసేది.

పదో నెల 4, నాలుగో రోజు

రాశాను. పుట్టింది, పెళ్ళాడింది, పోయింది. పొగడ్త మా పద్ధతి కాదు. మనిషిలో దేవుడి కృప ఎలా పనిచేసిందో రాయాలి. పీలికల్లో కృపని వెతకడం నా వల్ల కాదు.

పదో నెల 5, ఐదో రోజు

బల్లమీద పూలు పెట్టే మ్యూరియల్ ఫోన్ చేసింది. పెద్ద చాప సంగతి కూడా రాయాలట.

సరే. పూర్వం పెద్దలందర్నీ జైల్లో వేస్తే పిల్లలే మీటింగ్ నడిపిన కథ ఉంది, అది ఆ చాపమీద గుచ్చారు. మూడేళ్ళు పట్టింది. ముక్కూ మొహం లేని పిల్లలు. ఎర్రటి బెంచీ. క్వేకర్ల బెంచీ ఎర్రగా ఉంటుందా అని అప్పుడే అడిగాను. బూడిదరంగు గుడ్డ అయిపోయింది ఎస్తర్, మా ఆయన లాగు మిగిలితే వేసేశా అంది, నవ్వుతూ. మా పూర్వీకుల ఓర్పుని మొగుడి లాగుతో చూపించిన మనిషి ఆవిడ.

దాన్ని మీటింగ్ ఇంటి గోడకి తగిలించాలని ఆవిడ కోరిక. తొంభై ఎనిమిదిలో మీటింగ్ వద్దంది. అదే రాశాను: మీటింగ్ వద్దంది. అప్పట్నుంచీ చాప ఆవిడ అటకమీదే ఉంది.

పదో నెల 8, మొదటి రోజు

చదివాను. మాలో ఓట్లుండవు. క్లర్క్ రాసింది చదువుతుంది, ఒప్పుకున్నవాళ్ళు ఆశిద్దాం అంటారు, అయిపోతుంది. ఈరోజు ఒక్కరూ అనలేదు. చివరికి అలన్ మెట్‌కాఫ్, మళ్ళీ రాయి ఎస్తర్ అన్నాడు. గొర్రెలు కాసే మనిషి, ఏడాదికి రెండు మాటలు మాట్లాడతాడు. అందులో ఒకటి నాకు ఖర్చుపెట్టాడు.

పదో నెల 10, మూడో రోజు, మధ్యాహ్నం మూడు

అలన్ వచ్చి వెళ్ళాడు. బురద బూట్లతో. మీటింగ్ వద్దందన్న ముక్క తీసెయ్యమన్నాడు. మినిట్స్ పుస్తకం తెచ్చి చూపించాను. దానివైపు చూడకుండా టీ ఊదుకున్నాడు. ఆరోజు వద్దన్నది నువ్వొక్కదానివే కదా అన్నాడు.

మిగతావాళ్ళు నోరు విప్పలేదుగా, ఒప్పుకున్నట్టేగా అన్నాను. నీతో ఒప్పుకున్నామని నీకెవరు చెప్పారు, నువ్వు మెత్తబడతావేమోనని కూర్చున్నాం, అరగంట కూర్చుంటే నా నడుం పట్టేసింది అన్నాడు.

కానీ ఆశిద్దాం అన్న మాట నేను విన్నాను. తలొంచుకుని రాస్తున్నాను, స్పష్టంగా వినిపించింది. అదే చెప్పాను. తలెత్తి చూస్తే కదా తెలిసేది, ఆ మాటన్నది విన్నీ అన్నాడు.

విన్నీ. తన చాప వద్దన్న తీర్మానానికి.

అదేం పనే అని గేటు దగ్గర అలన్ నిలదీశాడట. ఇంతమందిలో తను రాసిన తీర్మానం వీగిపోతే ఎస్తర్ మళ్ళీ గడప తొక్కదురా, చాపకేం, చుట్టిపెడితే పడుంటుంది అందట.

నా బిస్కెట్లన్నీ తిని వెళ్ళాడు.

పదో నెల 11

వికారమైన చాప. ఇప్పటికీ అదే అంటాను.

పదో నెల 15, మొదటి రోజు

సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఆ తర్వాత పాతికేళ్ళు ఆవిడ నా పక్కనే కూర్చుంది. చలికాలం తన శాలువా సగం నా మోకాళ్ళమీద కప్పేది. ఊలు గుచ్చుకుంటోందని విసుక్కునేదాన్ని. బుర్రలో ఏమీ లేదు కాబట్టే ఎప్పుడూ నవ్వుతుంటుందని ఇదే డైరీలో ఎన్నిసార్లు రాశానో. మౌనంలో దేవుడి మాట వినాలని నలభై ఏళ్ళుగా అందరికీ చెబుతున్నాను. నాకు వినిపించిందల్లా నా మాటే. ఈరోజు మీటింగ్‌కి వెళ్ళలేదు.

పదకొండో నెల 5, మొదటి రోజు

కొత్త పత్రం చదివాను. చాప తూర్పు గోడకి తగిలించాలన్నాను. అందరూ ఒక్కసారే ఆశిద్దాం అన్నారు. తర్వాత ఇంకో వాక్యం ఉంది. అది కొట్టెయ్యమంది మ్యూరియల్. ఇది విన్నీ పత్రం ఎస్తర్, నీది కాదు అంది. నీది నువ్వు పోయాక రాస్తాంలే అన్నాడు అలన్. నవ్వారు. కొట్టేశాను.

పదకొండో నెల 6

కొట్టేసిన వాక్యం: విన్నీ బ్రన్‌స్కిల్ చాపను వద్దన్నది మీటింగ్ కాదు, ఎస్తర్ హార్కర్.