లైనింగు తినేసిన కాలు

బావా, అన్నం ఉట్టి మీద ఉంది, పులుసు వేడి చేసుకో. దొడ్డి తలుపు గడియ పెట్టు. నేను తిరువళ్లూరుకు, టాక్సీ ఓనరు ఇంటికి పోతున్నాను.

నిన్న ఆయన మా నాయనను పనిలోంచి తీసేశాడు. మీరిద్దరూ వంతులేసుకుని తోలే కారు బ్రేకు లైనింగు ఇంత తొందరగా ఎట్లా అరిగిందని ఓనరు అడిగితే, "ముసిలోడికి కాలు వణుకుతాది సార్, ఊరికే బ్రేకు తొక్కతా ఉంటాడు" అన్నావట. నీకు స్టీరింగు పట్టడం నేర్పిన మామ ఆయన. కూతురి కాపురం చెడుతుందని నీ తప్పు ఓనరుకు చెప్పకుండా తాళాలిచ్చి వచ్చేశాడు.

ఆయన చేతిలో లైనింగు ఏడాది దాటి వచ్చేది. కొండ దిగేటప్పుడు రెండో గేరు వేసి, అవసరానికే బ్రేకు తొక్కేవాడు. నువ్వు ఆడికృత్తిక పండక్కి కొండ మీది గుడికొచ్చిన జనాన్ని కారు నిండా కుక్కి, పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలి, దారి పొడుగునా బ్రేకు మీదే కాలు పెట్టి దిగావు. ఆ మాడు వాసన పట్టిన చొక్కాలు ఉతికింది నేనే.

అదంతా ఓనరుకు చెబుతాను. నీ ఉద్యోగం పోతే పోనీ. నీ కంటే ఆ కారుకు సిగ్గు ఎక్కువ, అరిగితే అరిచి చెబుతుంది.

రాజామణి

అరవ బడిలో చదివిన నీకు తెలుగు చదవడం రాదని తెలిసే తెలుగులో రాశాను. మన వీధిలో తెలుగు చదివేది మా నాయన ఒక్కడే. పోయి ఆయన చేతనే చదివించుకో.