పెళ్ళికార్డులో పోయిన పేరు

ఒసోగ్బో,
సంతపేట.

చిరంజీవి అనికేకు మీ అమ్మ రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ నాన్నా, పెరట్లో మేకలూ అందరం కులాసా. లాగోసులో నువ్వూ, ఆసుపత్రిలో నీతోటి నర్సులూ కులాసా అని తలుస్తాను. నీ ఉత్తరం అందింది. నువ్వడిగిన వాటికి ముందు జవాబు చెప్పి, ఆ తర్వాత నా కడుపులో ఉన్నది కక్కుతాను. కోపంగా ఉన్నానని ఇప్పుడే చెప్పేస్తున్నాను. సగం చదివాక తెలుసుకుని ఉలిక్కిపడతావని.

మోకాలు ఎలా ఉందన్నావు. వానాకాలం కదా, మూలుగుతూనే ఉంది. నువ్వు పంపిన మందు రాస్తున్నాను, వాసన బాగుంది. పెళ్ళికి మనవాళ్ళంతా కట్టుకునే గుడ్డ వచ్చింది. నీలం మీద తెల్లపువ్వులు. మీ చిన్నత్త పసుపు రంగు కావాలని అలిగి, గుడ్డ మాత్రం అందరికంటే ఎక్కువ కోయించుకుంది. పెళ్ళి విందుకు కావలసిన దుంపల సంగతి మీ నాన్న చూసుకుంటున్నాడు. ఒక్కో దుంపనూ పిల్లసంబంధం చూసినట్టు తిప్పితిప్పి చూసి, చివరికి ఏదీ కొనకుండా వస్తున్నాడు.

ఇక, కార్డులు బాగున్నాయా అని అడిగావు. చాలా బాగున్నాయి. బంగారు అంచు, పైన సిలువ, కింద రెండు పావురాలు. వరుడు అన్నచోట లడిపో పేరు, వధువు అన్నచోట నీ పేరు, మీ నాన్న పేరు అన్నీ ఉన్నాయి. వధువు తల్లి అన్నచోట ఎవరో ఒలుబున్మి అట. ఆవిడెవరో నేనెరగను. నిన్ను కన్నది ఆవిడే అయితే నొప్పులు నాకెందుకొచ్చాయో మరి!

అందుకే నీ పెళ్ళికి రావాలా వద్దా అన్నది నాకింకా తేలలేదు. పిలుపు ఒలుబున్మికి వచ్చింది. నాకు, ఎషుబున్మికి, రాలేదు. పిలవని పేరంటానికి వెళ్ళే అలవాటు నాకు లేదు.

ఆ కార్డు తెచ్చి చేతిలో పెట్టింది లడిపో వాళ్ళమ్మ. అందుకని మొదట ఆవిడనే పట్టుకున్నాను. లారీల అడ్డా దగ్గర బాణలి ముందు కూర్చుని అకారా, అదే అలసందల గారెలు, వేస్తోంది.

"రండి వదినగారూ, పొద్దున్నే మంచి శకునం! కూర్చోండి, వేడివేడిగా తిందురుగాని."

"తినడానికి రాలేదు. నా పేరు మీద చెయ్యేసింది ఎవరు?"

"నేనైతే కాదండీ బాబూ. కానీ ఎవరేశారోగాని, ఆ చెయ్యి చల్లగుండాలి. సాతాను పేరున్న కార్డు పట్టుకుని మావాళ్ళ ఇళ్ళకి ఎట్టా వెళ్ళను?"

"సాతాను ఎవరు?"

"అదేంటి వదినగారూ, తెలీనట్టు! మీ పేరులో ముందర కూర్చున్నాడుగా."

బాణలి చుట్టూ నిలబడ్డ డ్రైవర్లు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆవిడ కూడా, చేతిలో చిల్లుల గరిటె పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఇంటికొచ్చేశాను. సంతలో నూనె అమ్మే ఆడవాళ్ళకి నేను పెద్దనన్న సంగతి ఆవిడ మరిచిపోయినట్టుంది. ఆ మర్నాటి నుంచి ఆవిడ బాణలిలోకి పామ్ పళ్ళ ఎర్రనూనె చుక్క దొరకలేదు. పక్క ఊరి దాకా బస్సులో వెళ్ళి తెచ్చుకుంటోందని విన్నాను. విని ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

ఆ తర్వాత మీ పాస్టరు ఒగుండిరాన్ గారి దగ్గరకు వెళ్ళాను. చర్చిలో ఆడవాళ్ళు పాట నేర్చుకుంటున్నారు. వాళ్ళ ముందే అడిగాను.

"పాస్టరుగారూ, నా పేరు మార్పించింది మీరేనా?"

"నాకు తెలీదమ్మా. అయినా మారిస్తే మంచిదేగా. ఎషు అంటే అపవాది. నేనన్న మాట కాదు, గ్రంథంలోనే ఉంది."

"మరి మీ పేరు సంగతేంటి?"

"నా పేరుకేమమ్మా?"

"ఒగుండిరాన్! మొదట్లో ఉన్నది ఎవరు? ఇనుము దేవుడు ఒగున్ కాదూ? కుక్కని కోసి పెడితే గాని ఊరుకోడు కదా ఆయన! ఆయన్ని చర్చి బోర్డు మీద ఎక్కించి, నన్ను పెళ్ళికార్డు మీంచి దించుతారా?"

"అది మా తాతలనాటి ఇంటిపేరమ్మా."

"నాది మా అమ్మ నాటిది."

"ఒగున్ గురించి గ్రంథంలో చెడుగా లేదు కదమ్మా."

"అదే నేనూ అంటున్నా. సాతానుకు పెట్టడానికి ఆయన పేరు ఎవరికీ అవసరపడలేదు, మీరు బతికిపోయారు."

పాడుతున్న ఆడవాళ్ళు పాటల పుస్తకాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ వారమంతా ఊళ్ళో ఆయన్ని ఇనుము పాస్టరు అన్నారట. ఆ పేరు పెట్టింది నేను కాదు. పెట్టినవాళ్ళ నోట్లో పంచదార పొయ్యాలనిపించింది.

నీకు చిన్నప్పుడు చెప్పాను. లాగోసు గాలికి ఎగిరిపోయి ఉంటుంది గనక మళ్ళీ చెబుతున్నాను. మన దేవుళ్ళలో ఎషు మంచివాడని నేననను. తుంటరి. కూడలిలో నిలబడి, గొప్పలు పోయేవాళ్ళకి తగాదా పెట్టి వినోదం చూస్తాడు. తన ముద్ద తనకు పెట్టకపోతే పని చెడగొడతాడు. కానీ మన మొక్కులు పైకి మోసేది ఆయనే. పైనుంచి జవాబు తెచ్చేదీ ఆయనే. దేవుడి కబురు మోసేవాడు దేవుడికి శత్రువు ఎలా అవుతాడు?

మా తాతల కాలంలో ఆ గ్రంథాన్ని మన మాటలోకి దించడానికి కొందరు కూర్చున్నారు. వాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు, నాకు మంట అక్కడే. వాళ్ళ కథలో ఒక పెద్ద శత్రువు ఉన్నాడు. మన కథల్లో అలాంటివాడు లేడు. లేడని ఊరుకోవచ్చు. వాడి పేరు వాడికే ఉంచేయవచ్చు. అలా చెయ్యలేదు. దారి మొగలో నిలబడి ఉన్నవాడు కంటబడ్డాడు, ఆయన పేరు ఊడబెరికి శత్రువుకు తొడిగారు. అంతవరకూ ఇంటింటి గుమ్మంలో ఉన్నవాడు ఆ పుస్తకం అచ్చయ్యాక నరకానికి యజమాని అయిపోయాడు.

నేను అక్షరాలు నేర్చుకున్నది ఆ పుస్తకంలోనే. కూడబలుక్కుని చదవడం వచ్చిన కొత్తలో ఒక పేజీలో నా పేరులోని మొదటి ముక్క కనబడింది. సంతోషం పట్టలేక "టీచరుగారూ, ఇదుగో, నేను!" అని అరిచాను. తరగతి అంతా గొల్లుమంది. టీచరుగారు నవ్వలేదు. నన్ను బల్ల ఎక్కించి, ఆ వాక్యం పైకి చదవమన్నారు. అబద్ధాలకు తండ్రి ఎవరో నా నోటితోనే చదివించారు. రేపటినుంచి నీ పేరు ఎస్తేరు అన్నారు. ఆ రేపు నేను బడికి వెళ్ళలేదు.

ఇంటికొచ్చి ఏడుస్తుంటే మా అమ్మ చెప్పింది. పెళ్ళయి ఏళ్ళు గడిచినా ఆమె కడుపు పండలేదు. అత్తగారు కొడుక్కి రెండో పిల్లను చూసింది. మా అమ్మ ప్రతి సంతరోజూ సంత మొగలో ఉన్న ఎర్రరాయి మీద, అంటే ఎషు మీద, ఎర్రనూనె పోసి తన మొర చెప్పుకునేది. నేను పుట్టాను. "ఎషు నాకిచ్చాడు" అని పేరు పెట్టుకుంది, కార్డులో వేసినట్టు "ప్రభువు నాకిచ్చాడు" అని కాదు. అది మా అమ్మ ఆయనకు పెట్టిన దండం. దాన్ని మార్చుకోమంటే మా అమ్మ ఏడ్చిన ఏడుపంతా నేను కాదన్నట్టే.

ఇప్పుడు అసలు సంగతి. దీన్ని ఇంతవరకూ మీ నాన్నకు కూడా నా నోటితో చెప్పలేదు.

లడిపో వాళ్ళమ్మా కాదంది, పాస్టరుగారూ కాదన్నారు. నా మనసు ఆగలేదు. ఎషుకు ఎర్రనూనె ఎంత ఇష్టమో, ఆ పళ్ళ గింజలు కాచి తీసిన నల్లనూనె అంత పగ అని నీకు తెలుసు. ఆ నూనె ఎవరు పోస్తే వాళ్ళ ఇల్లు వెతుక్కుంటూ వస్తాడు. అందుకే దాన్ని మన ఇంట్లో అడుగు పెట్టనివ్వను. అలాంటి నేను, నీ తల్లిని, పక్కింటి నుంచి ఒక సీసా నల్లనూనె అడిగి తెచ్చాను. మిట్టమధ్యాహ్నం సంత మొగకు వెళ్ళి రాయి మీద వంచేశాను.

"తండ్రీ, ఇది నేను పోయడం లేదు. నా పేరు తీసేసినవాళ్ళెవరో వాళ్ళు పోస్తున్నారు. వాళ్ళ గుమ్మానికి వెళ్ళి అడుగు" అన్నాను.

హాయిగా అనిపించింది. నిజం చెబుతున్నాను, పండగనాడు తలంటుకున్నంత హాయి. ఆ హుషారులోనే, కార్డులు మళ్ళీ వేయిద్దామని ప్రెస్సుకు వెళ్ళాను. కార్డులు అచ్చేసిన రాజీ నన్ను చూడగానే రెండు చేతులూ ఎత్తేశాడు.

"అక్కా, నా మీద పడబాక. అమ్మాయి చెప్పినట్టే వేశా."

"ఏ అమ్మాయి?"

"నీ కూతురే! మొన్న సెలవుకొచ్చినప్పుడు ఇదే బల్ల మీద కూచుని, ఆ పేరు తీసేసి ఒలుబున్మి అని వెయ్యండి బాబాయ్ అంది."

"నోరు ముయ్. అబద్ధం."

"అబద్ధం చెబితే నాకేమొస్తదక్కా? అమ్మకి చెప్పావా అని కూడా అడిగా. అమ్మ ఏమీ అనుకోదులే అంది."

ఆ రోజు సాయంత్రం నువ్వు ఇంటికొచ్చి నా కాళ్ళ మధ్య కూర్చున్నావు. జడలు అల్లమన్నావు. నీ తల నా ఒళ్ళో పెట్టుకుని అల్లాను. ఆసుపత్రి కబుర్లన్నీ చెప్పావు, ఈ ఒక్కటి చెప్పలేదు. నీ స్నేహితురాళ్ళ ముందు సిగ్గుపడ్డావని నాకు అర్థమైంది. అర్థమైతే మంట తగ్గుతుందా? పరాయివాళ్ళు నవ్వితే చిరాకు పడ్డాను. నువ్వు చేస్తే ఎవరికి చెప్పుకోను?

కానీ అప్పుడు ఏడవడానికి సమయం లేదు. నేను ఎషుని పంపింది నీ గుమ్మానికి! ప్రెస్సు నుంచి సంత దాకా మోకాలి నొప్పి మరిచి పరిగెత్తాను. మన దుకాణంలో ఉన్న నీళ్ళకుండ ఎత్తి రాయి మీద కుమ్మరించాను. కుట్టుకివ్వడానికి చంకన పెట్టుకున్న కొత్త గుడ్డ, ఆ నీలంది, విప్పి దానితోనే తుడిచాను. అమ్మకానికి పెట్టుకున్న ఎర్రనూనె డబ్బా అంతా పోశాను. సంతంతా మూగింది. లడిపో వాళ్ళమ్మ ముందు వరుసలో ఉంది. "చూశారా, మొక్కుతోంది సాతానుకి!" అంది. అననీ అనుకున్నాను. చేతులు నేలకు ఆన్చి గట్టిగా చెప్పాను.

"తండ్రీ, ఇందాక అబద్ధమాడాను. నల్లనూనె పోసింది ఇంకెవరూ కాదు, ఈ చేతులే. కోపం తీరకపోతే నా ఇంటికి రా. నా ఒక్కదాని దగ్గరికే రా."

పది వేళ్ళూ నూనెతో ఇంటికొచ్చాను. లడిపో వాళ్ళమ్మ తప్పు లేదని తెలిసినా ఆవిడకు నూనె ఇంకా పంపలేదు. ఆ నవ్వుకు ఆ మాత్రం చెల్లు.

ఇంతకీ నిన్ను క్షమించానా? లేదు. రాయిని కడగడం వేరు, నిన్ను క్షమించడం వేరు. ఎషు నీ గుమ్మం తొక్కకూడదు, అంతే. నీ మీద పగ తీర్చుకోవడానికి నేను చాలు.

ఆలోచించి ఇదుగో ఇలా తేల్చుకున్నాను. నీ పెళ్ళికి వస్తాను. ముందు వరుసలో మీ నాన్న పక్కన కూర్చుంటాను. ముసుగు వేసుకుని వచ్చి నువ్వు మా ఎదుట మోకరిల్లుతావు. మీ నాన్న వెంటనే నీ తల మీద చెయ్యి పెట్టేస్తాడు, ఆయన మెత్తదనం నీకు తెలిసిందే. నేను పెట్టను. అమ్మా అంటావు. నాకు వినబడదు. దీవించమ్మా అంటావు. నేను కార్డు మీది పావురాల బొమ్మ చూస్తూ ఉంటాను.

మనలో కన్నతల్లిని పేరు పెట్టి పిలిచిన బిడ్డ లేదు. పిలిస్తే ఊరు ఉమ్మేస్తుంది. నువ్వు పిలవాలి. పాస్టరు వినేలా, మీ అత్తగారు వినేలా, నీ లాగోసు స్నేహితురాళ్ళు వినేలా, నన్ను కన్నతల్లి ఫలానా అని పూర్తి పేరు, మొదటి అక్షరం నుంచీ పలకాలి. నాలుక కరుచుకుంటావు, సిగ్గుతో చస్తావు. చావు. బల్ల మీద నిలబెట్టి నాచేత చదివించిన రోజు నేనూ చచ్చాను. పలికావా, నా రెండు చేతులూ నీ తల మీద ఉంటాయి, నాకు తెలిసిన దీవెనలన్నీ అక్కడే కుమ్మరిస్తాను. పలకలేదా, ఇవి నా ఒళ్ళోనే ఉంటాయి. ఫోటో అలాగే తీయించుకో.

నోరు తిరగని పేరు కదా, ఇప్పటి నుంచే రోజూ పలికి చూసుకో. ఇది అందినట్టు నాలుగు ముక్కలు రాయి.

ఇట్లు,
నీ తల్లి,
ఎషుబున్మి.