అలసిపోయానంటే జీతం కొయ్యరట

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీతో కలిసి చిన్న విమానం నడిపిన రఫీ అన్న ఈ రోజు జమ్మలమడుగులో మా ఇంటికి వచ్చాడు. పైలట్లంతా ఒక్కటై అడిగితే కంపెనీ ఒప్పుకుందట. విమానం ఆలస్యమై కాచుకున్న గంటలకూ ఇక జీతమిస్తారు. అలసిపోయాను, ఈ పూట నడపలేనని చెప్పినా కొయ్యరు.

"కూచోని చేసే పనికి అలసటేంది నాయనా!" అని మా అత్త నవ్వింది.

"నాలుగు దినాలు తెల్లారుజామునే లేసి నడిపి చూడు పెద్దమ్మా, తెలుస్తాది," అన్నాడాయన.

నేను నవ్వలేకపోయాను. ఆ రోజు ఫోన్లో "కండ్లు మూతలు పడతాండాయి పాపా" అన్నావు. "మానుకుంటే జీతం కోస్తారు గదన్నా, పో" అన్నది నేనే. విమానాన్ని క్షేమంగా దించావు. కడప నుంచి ప్రొద్దుటూరులో మనింటికి వస్తూ, కారు నడుపుతూనే నిద్రపోయావు.

రఫీ అన్న భోంచేసి కారు తాళాలు తీసుకున్నాడు. పొద్దున డ్యూటీ దిగి నేరుగా వచ్చాడట. పరాయి మగవాళ్ల ముందు నోరు విప్పని నేను వరండాలో మంచం వాల్చి, "కొంచేపు పండుకోని పో అన్నా" అన్నాను.

ఇప్పుడు నిద్రపోతున్నాడు. ఆయన లేచేదాకా మిక్సీ వేయొద్దని అత్తకు ఎదురుగా నిలబడి చెప్పాను.