తల వంచితేనే కనబడే కన్ను

కంటి ఆపరేషన్ల మంజూరు అధికారి గారి సముఖమునకు, శాలిబండలో పాల వ్యాపారం చేసుకొను వైకుంఠం పెట్టుకొను అర్జీ.

అయ్యా,

విషయం: కంటిలో ఊడిన అద్దమును బిగించు ఆపరేషన్ నిరాకరించుట గురించి.

1. నా ఎడమ కంటికి పుట్టుకతో చూపు లేదు. కుడి కంటికి నిరుడు ప్రభుత్వ పథకం కింద శుక్లం తీసి అద్దం పెట్టినారు. మొన్న మా బర్రె తల విసరగా కొమ్ము కణతకు తగిలి, ఆ అద్దం లోపల ఒక పక్క ఊడినది. ఇప్పుడది ఊడిన కిటికీ రెక్క వలె ఊగుచున్నది. తల వంచితే కంటిపాప వెనుకకు వచ్చి అంతా కనబడును. తల ఎత్తితే లోపలికి పడిపోయి, లోకమంతా పాలగిన్నె కడిగిన నీళ్లు.

2. డాక్టరమ్మ అఖిల గారు చూసి, అద్దమును పట్టి ఉంచు పొర చిరిగినదనియు, దాని రెండు కొక్కేలను కంటి తెల్లగుడ్డుకు సన్నదారంతో కట్టవలెననియు, లేదా తెల్లగుడ్డులోనే సందు చేసి దూర్చవలెననియు చెప్పినారు. "జల్ది చేపించుకో బాపూ. ఊగినకొద్ది లోపల రాసుకుంటది. ఉన్న ఒక్క కన్ను పోతది" అన్నారు.

3. మంజూరుకు ముందు చూపు పరీక్ష అని తమ గుమాస్తా సీతారాం గారు బల్ల మీద అక్షరాల కాగితం పెట్టినారు. ఆఫీసరుల ముందు తల వంచి నిలబడుట మా అలవాటు. వంచితిని. అక్షరాలన్నీ కనబడగా చదివితిని. "మస్తు కనబడుతుంది గద! ఇంక లొల్లి ఏంది?" అని, చూపు బాగున్నది, ఆపరేషన్ అక్కరలేదని రాసి ముద్ర కొట్టినారు.

4. తల ఎత్తితే కనబడదని మొరపెట్టుకొంటిని. "అయితే ఎత్తకు" అన్నారు. పక్క కుర్చీలవారు పడి పడి నవ్వినారు. ఛీ! అయ్యా, నాకు మీ ఆఫీసంటేనే రోత పుట్టింది. ఆ నవ్వులో నేను కూడా చేతులు జోడించి నవ్వినందుకు నా మీద నాకు అంతకన్నా రోత పుట్టింది.

5. మా ఇంటామె శారదమ్మ "నేల చూసుకుంటనే బతుకు, ఏం జేస్తం" అని ఏడ్చినది. అట్లే నడిచి నిన్న ఆటో కింద పడబోతిని. డ్రైవర్ తిట్టిన తిట్లు ఇక్కడ రాయదగినవి కావు, కానీ తమ సిబ్బందికి చక్కగా నప్పును.

కావున పరీక్ష మళ్లీ చేయించి, నాకున్న ఒక్క కంటిని కాపాడుటకు వెంటనే ఉత్తర్వులు ఇవ్వగలందులకు ప్రార్థన. తమరు ఓపికతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
వైకుంఠం

తా.క.: సోమవారం వస్తున్న. ఈసారి వంగను, దండం పెట్టను, నిటారుగా నిలబడతా. ఎదురుగ ఉన్నది తమరో బీరువానో నాకు తెలువదు. బీరువాతోనే మొరపెట్టుకున్నా పెట్టుకుంట. అది చూసి, అప్పుడు రాయండి నా చూపెంతో.