ఊడ్చేసిన ఈగల సంగతి

తోటల శాఖ పెద్ద అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా తేనెటీగలు పోవడానికి యజమాని అశ్రద్ధే కారణమని వచ్చిన నివేదికను మళ్లీ పరిశీలించవలసిందిగానూ, మిగిలిన మూడు పెట్టెలను గురువారం నాడు తీసుకుపోకుండా ఆపవలసిందిగానూ కోరుట.

నేను సదరు యజమాని భార్యను. ఐదో తరగతి వరకు చదివాను. తమ కార్యాలయం పంపిన నోటీసును పక్కన పెట్టుకుని, అందులోని మాటలు చూసి రాస్తున్నాను. తప్పులుంటే మన్నించాలి. ఈ అర్జీ సంగతి మా ఆయనకు తెలియదు.

1. మాకు పదకొండు పెట్టెలుండేవి. పక్క పొలాల్లో పొద్దుతిరుగుడు నిండా పూసిన వారంలో, మా ఆయన మైనపు రేకుల కోసం పట్నం వెళ్లిన రెండు రోజుల్లో, ఎనిమిది పెట్టెల్లో ఈగలు పోయాయి. ఫోనులో చెబితే, "నువ్వేం కంగారుపడకు, రేపు ఆఫీసు వాళ్లని వెంటబెట్టుకుని వస్తాను" అన్నారు. అలాగే ముగ్గురిని తీసుకొచ్చారు.

2. మొదటి వారు తమ శాఖ ఇన్‌స్పెక్టరు గారు. ఒక్కో మూత తీసి చూసి, ఇది నల్లి పని అన్నారు. ఆవగింజంత ఎర్రటి నల్లి ఈగ ఒంటిని పట్టుకుని పీలుస్తుందట, జబ్బు కూడా అంటిస్తుందట. "పురుగుమందు పనే అయితే చచ్చిన ఈగలు పెట్టె ముందు గుట్టలుగా పడి ఉండాలి కదా. ఇక్కడ ఒక్కటైనా ఉందా? నల్లి పట్టిన ఈగ బయటికి పోయి ఎక్కడో చస్తుంది. నువ్వు నల్లికి వైద్యం చెయ్యలేదు."

"చేశానండి, పూతకి ముందే," అన్నారు మా ఆయన.

"రాసి పెట్టావా?"

"లేదండి."

నివేదికలో అశ్రద్ధ అన్న మాట అక్కడ పడింది.

3. రెండవ వారు ప్రయోగశాల మేడమ్ గారు. ఆవిడ ఒప్పుకోలేదు. విత్తనానికి పట్టించిన మందు పువ్వులోకి కూడా వస్తుందనీ, అది కొంచెమే తగిలితే ఈగ అక్కడికక్కడ చావదనీ, ఇంటి దారి మర్చిపోతుందనీ చెప్పారు. చచ్చిన ఈగలు గుప్పెడైనా ఇస్తే పరీక్ష చేసి తేలుస్తానన్నారు. మా ఆయన పెట్టెల వెనకాలా, గడ్డిలోనూ మోకాళ్ల మీద కూర్చుని వెతికారు. దొరకలేదు.

4. మూడవ వారు వ్యవసాయ పాఠశాలలో పని చేసిన మాస్టారు. చుట్టూ ఎంత దూరం పోయినా ఒకటే పంట కనుక ఈగలకు తిండి సరిపడక ఒళ్లు చిక్కిందనీ, చిక్కిన ఒంటిని నల్లి పట్టిందనీ, ఆ పైన మందు కూడా తగిలిందనీ, మూడూ కలిసే చంపాయనీ ఆయన అన్నారు. ఇన్‌స్పెక్టరు గారు నవ్వి, "ఫారంలో కారణానికి గడి ఒకటే ఉంది మాస్టారూ" అన్నారు.

వారు వెళ్లాక మా అత్తయ్య, "పెళ్లిచూపులకి వచ్చినట్టు వరసగా వచ్చారు, తీరా పిల్లే లేదు ఇంట్లో" అన్నది. ఎవరమూ నవ్వలేదు.

5. ఇప్పుడు రాయబోయేది నోటీసులో లేని మాట. చచ్చిన ఈగలు ఉన్నాయి. ఆఫీసు వాళ్లు వస్తున్నారు, ఇల్లూ వాకిలీ అలా ఉంటే మా ఆయనకు చిన్నతనమని, ఆ రోజు పొద్దున్నే నేనే ఊడ్చేశాను. పెట్టెల అడుగులు వేడినీళ్లతో కడిగాను. ఎత్తినవన్నీ నీళ్ల పొయ్యిలో వేశాను. ఒక్కటి కూడా మిగల్లేదు.

నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను. నాలుగు పెట్టెల ముందు గుట్టలుగా ఉన్నాయి. నాలుకలు బయటికి వచ్చి ఉన్నాయి. కొన్ని ఇంకా బతికి, వెల్లకిలా పడి గిరగిరా తిరుగుతున్నాయి. రెండు పెట్టెల్లో కొద్దిగానే ఉన్నాయి, వాటి రెక్కలు నలిపి పారేసిన కాగితంలా ఉన్నాయి. మిగిలిన రెంటిలో చుక్క తేనె లేదు. ఈగలు పట్టులోని ఖాళీ గదుల్లో తలలు దూర్చి అలాగే ఉండిపోయాయి. వాటిని చీపురుపుల్లతో ఒక్కొక్కటిగా లాగాను. ఆ ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదని నాకు అనిపిస్తోంది. ఎవరి మాట ఏ పెట్టెకు సరిపోతుందో తేల్చే చదువు నాకు లేదు.

వారు మాట్లాడుతున్నంతసేపూ తలుపు వెనకే ఉన్నాను. కొత్తవాళ్ల ముందు నాకు నోరు పెగలదు. మంచినీళ్లు కూడా అత్తయ్య చేతే పంపాను. మేడమ్ గారు గుప్పెడు చాలన్నప్పుడు ఒక కాలు గడప అవతల పెట్టాను. అంతే.

6. ఊడ్చింది నేనేనని మా ఆయనకు ఇంకా చెప్పలేదు. రోజూ అన్నం దగ్గర, "ఏ పెట్టెకి వైద్యం చెయ్యడం మర్చిపోయానంటావ్?" అని అడుగుతారు. "మీరేం మర్చిపోలేదు" అంటాను. "మరి ఎందుకు పోయాయి?" అంటారు. తెలియదంటాను. ఆయనకు చేతనైన పని ఈ ఈగల పెంపకం ఒక్కటే. పెట్టెలతో పాటు ఆయన అనుమతి కాగితం కూడా రద్దు చేస్తామని నోటీసులో ఉంది.

కావున, కారణం ఏదని రాసినా సరే, గడి ఖాళీగా వదిలినా సరే, అశ్రద్ధ అన్న మాట ఆయన పేరు మీద నుంచి తీసేయించాలి. శిక్ష ఏదైనా ఉంటే ఊడ్చిన మనిషికి వేయండి. ఈ నాలుగు మాటలూ దయతో చిత్తగించి, గురువారం లోపల ఎవరినైనా పంపవలెనని వేడుకొనుచున్నాను.

ఇట్లు,
తమ విధేయురాలు,
తేనెపెట్టెల అతని భార్య

తాజా కలం: అయ్యా, కవరు అంటించబోతుండగా మిగిలిన మూడింటిలో చివరి పెట్టె ముందు కూడా ఈగలు చచ్చి పడడం మొదలైంది. నేను ముట్టుకోలేదు. చీమలు రాకుండా చుట్టూ నీళ్లు పోసి, పైన పాత దోమతెర ముక్క కప్పాను. అత్తయ్య, "వాటిని ఊడ్చెయ్యవే, కాళ్ల కింద పడుతున్నాయి" అన్నది. కాపురానికి వచ్చాక మొదటిసారి ఆవిడకు ఎదురుచెప్పాను. వద్దత్తయ్యా అన్నాను. మా ఆయన పని ఆపి, ఎందుకొద్దన్నావని అడిగారు. ఇంకా అక్కడే నిలబడి ఉన్నారు. ఆయనకు ఏం చెప్పాలో తెలియక, లోపలికి వచ్చి తమకు ఇది రాస్తున్నాను.